నేను వేస్తే హాబీ, వాడు వేస్తే దొంగతనం

శివరాత్రి అయిన తర్వాతి వారం ఆలూరు వెళ్ళాను. పండక్కి సెలవడిగితే రిలీజు ఉందన్నారు, రిలీజు అయ్యేసరికి పండగ అయిపోయింది. మనందరికీ అలవాటైన సంగతే కదా. శుక్రవారం రాత్రి బెంగళూరులో రైలెక్కి, తెల్లారి గుంతకల్లులో దిగి, ఉగ్గాని బజ్జీ తిని, ఆలూరు బస్సెక్కాను. కండక్టరు నా భుజం మీదున్న పొడవాటి సంచి చూసి "ఏమప్పా అది, తుపాకా?" అన్నాడు. బస్సంతా తిరిగి చూసింది.

తుపాకీ కాదు, గాలం కర్ర. కార్బన్ ఫైబర్‌ది. చక్రంతో కలిపి ఆరు వేలు పెట్టి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. ఈ ధర మాత్రం బస్సులో చెప్పలేదు లెండి. కట్టె ముక్కకి ఆరు వేలు పోశానంటే మా వైపు జనం నన్ను సగం దారిలో దింపేసి పోతారు :)

మా అవ్వ వాళ్ళ ఊరు ఆలూరుకి దగ్గరే. ఊరి పేరు రాయను, మా మామ అక్కడే బతకాలి. ఊరికి ఉత్తరాన ఒక చెరువుంది. చెరువంటే కోస్తా వాళ్ళు ఊహించుకునే చెరువు కాదు. వానొస్తే చెరువు, రాకపోతే మేకల బీడు. రెండు మూడేళ్ళకోసారి మరువ పారితే ఊరంతా పోయి టెంకాయ కొట్టి వస్తారు. పోయిన వానాకాలం కాస్త దయ చూపించింది కాబట్టి ఈసారి ఫాల్గుణంలో కూడా సగానికి నీళ్ళున్నాయి. నీటి అంచు లోపలికి జరిగి, చుట్టూ నల్లరేగడి బురద ఎండి పెంకులు పెంకులుగా లేచింది. ఆదివారం పొద్దున ఆరున్నరకి నేను కట్ట మీద తుమ్మచెట్టు కింద చేరాను. నాకంటే ముందే ఇద్దరు పిల్లలున్నారు. పదేళ్ళు, పదకొండేళ్ళు ఉంటాయేమో. చేతిలో సన్న వెదురు కర్ర, నైలాన్ దారం, బెండుకి బదులు రబ్బరు చెప్పు ముక్క. పక్కన నీళ్ళ సీసా కోసి చేసిన డబ్బాలో నాలుగు పరిగెలు.

ఏడింటికి కాపలా మనిషి వచ్చాడు. బండి దిగుతూనే కేకలు.

"లేయండ్రా నా కొడకల్లారా! మీ జేజినాయన వేసినాడా చేపలు?"

పిల్లలు లేచి పరుగందుకున్నారు. డబ్బా అక్కడే వదిలేశారు. ఆయన దాన్ని కాలితో తన్నాడు, పరిగెలు దుమ్ములో పడ్డాయి. వెదురు కర్ర మోకాలికేసి రెండు ముక్కలు చేశాడు. తర్వాత నా వైపు వచ్చాడు. నేను అప్పటికే దారం లోపలికి చుట్టేసుకుంటున్నాను, నా వంతు వచ్చిందని. ఆయన నా కర్ర చూశాడు, నా టోపీ చూశాడు, బూట్లు చూశాడు.

"మీరు ఏసుకోండి సార్. టైంపాసుకి కదా."

నేను నోరు తెరవలేదు. "వాళ్ళూ టైంపాసుకే కదా" అనొచ్చు. అనలేదు. పైగా, చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ "సార్" అన్న మాటకి లోపలెక్కడో హాయిగా అనిపించింది. ఇంకో గంట కూర్చుని అరకిలో బంగారుతీగ ఒకటి పట్టి, ఫోటో తీసుకుని, అవ్వ ఇంటికి తెచ్చాను. పులుసు మాత్రం గొంతు దిగలేదు. సరే, ఆ గొంతు దిగని సంగతే ఇప్పుడు మీ ముందు పెడుతున్నా.

మా వైపు గాలానికి సీజనంటూ ఉందా అంటే, ఉంది. చలి శివరాత్రికి "శివ శివా" అంటూ పోతుందంటారు కదా, అప్పటి నుంచి ఉగాది దాకా. దీనికి కారణం కూడా పెద్ద బ్రహ్మవిద్య కాదు. చేపకి మనలాగా ఒంట్లో హీటర్ లేదు. నీళ్ళు చల్లగా ఉంటే దాని అరుగుదలా నెమ్మదే, ఆకలీ నెమ్మదే. చలి విరిగి నీళ్ళు వెచ్చబడగానే ఆకలి లేస్తుంది. అదే సమయానికి చెరువు తగ్గి, ఉన్న చేపంతా చిన్న జాగాలోకి చేరుతుంది. మరి ఎండాకాలం నడిమధ్యలో ఇంకా బాగా తినాలి కదా అంటే, అక్కడే ఇంకో లెక్క అడ్డం వస్తుంది. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకి 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకొస్తే ఏడున్నరే. అంటే అవసరం పెరిగే కొద్దీ సప్లై తగ్గుతుంది. రాత్రంతా నాచూ పాచీ కూడా అదే గాలి పీల్చుకుంటాయి కాబట్టి తెల్లారుజామున ఇంకా కష్టం. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్నే చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని కనపడేది అందుకే. లోడు పెరుగుతుంటే మెమరీ తీసేసిన సర్వరు లాంటిదన్నమాట. అప్పుడు గాలం వేసి కూర్చోడం మర్యాద కూడా కాదు.

మా తాతకి ఈ ఆక్సిజన్ లెక్కలేం తెలీవు. శివరాత్రి జాగారం అయిన మర్నాడు ఇంట్లో నీచు ముట్టరు కాబట్టి ఒక రోజు ఆగి, మూడో రోజు నన్ను తీసుకెళ్ళేవాడు. గాబు పక్కన తడి మన్ను తవ్వితే ఎర్రలు. బెండు జొన్న దంటుది. పై తొక్క ఒలిచేస్తే లోపల తెల్లటి బెండు వస్తుంది చూశారా, అది. ఒకోసారి చేలో రాలిన నెమలి ఈక కాడ. కొస ముంచి నీళ్ళలో నిలబెట్టేవాడు. బెండు మునిగితే లాగొద్దు, పక్కకి నడిస్తే లాగు అనేవాడు. పరిగె పొడుస్తుంది, జెల్ల ఈడ్చుకుపోతుంది, కొర్రమీను మింగి ఊరుకుంటుంది. ఇది నాకు ఏ ఇంజినీరింగు కాలేజీలోనూ ఎవరూ నేర్పలేదు. డీబగ్గింగు అంటే ఏమిటో నేను ముందు నేర్చుకుంది ఆ కట్ట మీదే అని ఒక ఇంటర్వ్యూలో చెబితే ఆ ప్యానెల్‌లో ఒకాయన నవ్వాడు, ఉద్యోగం మాత్రం ఇచ్చారు.

ఇప్పుడు కాస్త ఇంగ్లాండు పోదాం. ఆన్‌సైట్ కబుర్లు చెప్పడం నాకూ ఇష్టం లేదు గానీ, ఇక్కడ అవసరం. మా ప్రాజెక్టు మీద ఆరు నెలలు రీడింగ్‌లో ఉన్నాను. ఆ ఊరి చుట్టుపక్కల కంకర కోసం తవ్విన గుంతలు నీళ్ళతో నిండి పెద్ద పెద్ద చెరువులయ్యాయి. చాలావాటిని చేపల క్లబ్బులు తీసుకుని నడుపుతుంటాయి. క్లయింటు వైపు టెస్టింగు చూసే పెద్దాయన ఒకాయన, నేను గాలం మాటెత్తేసరికి మొహం వెలిగిపోయి, మార్చి మొదట్లో ఒక ఆదివారం వాళ్ళ క్లబ్బు చెరువుకి తీసుకెళ్ళాడు. ఆ చలిలో ఫ్లాస్కు టీ తాగుతూ మూడు గంటలు కూర్చుని ఆయన పట్టింది అరచేయంత చేపలు రెండు. మా తాతయితే పిల్లికి కూడా వేయడు. ఆయన వాటిని నీళ్ళలోనే వేలాడదీసిన వల సంచిలో ఉంచి, పోయేముందు లెక్క పుస్తకంలో రాసుకుని వదిలేశాడు.

వాళ్ళు దీన్ని 'కోర్స్ ఫిషింగ్' అంటారు. సాల్మన్, ట్రౌట్ గొప్పింటి చేపలట. మంచినీళ్ళలో ఉండే మిగతావన్నీ 'ముతక' చేపలు. ఆ లెక్కన మన బొచ్చె, శీలావతి, జెల్ల, పరిగె అన్నీ ముతకవే. చేపలకి కూడా ఈ తేడాలు పెట్టిన మహానుభావులు వాళ్ళు. మార్చి 15 నుంచి జూన్ 15 దాకా అక్కడి నదుల్లో ముతక చేపల్ని పట్టకూడదు, గుడ్లు పెట్టే కాలమని. చాలా చెరువులకి మాత్రం 1995లో ఆ నిబంధన ఎత్తేశారు. గాలం వేయాలంటే ప్రభుత్వం దగ్గర కర్రకి లైసెన్సు తీసుకోవాలి. లేకుండా దొరికితే 2,500 పౌండ్ల దాకా జరిమానా. చాలా కఠినం కదా? కానీ 13 ఏళ్ళ లోపు పిల్లలకి లైసెన్సే అక్కర్లేదు. 13 నుంచి 16 దాకా లైసెన్సు కావాలి, ఉచితం.

ఆ పూట క్లబ్బు కాపలాదారు ఒకాయన వచ్చాడు. రిటైరైన మనిషి. నా డే టికెట్ అడిగి చూశాడు, చెరువులో నేను వేసిన కొక్కేనికి ముల్లు ఉందా లేదా అని తీసి చూశాడు (ముల్లు లేనిదే వాడాలి, చేప నోరు చిరగకుండా). తర్వాత అవతల ఒక పిల్లాడి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని కొక్కెం ముడి ఎలా వేయాలో పదిహేను నిమిషాలు చూపించాడు. నేను అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. మా చెరువు కట్ట మీద వెదురు కర్ర విరిగిన చప్పుడు విన్నాక ఆ పదిహేను నిమిషాలు గుర్తొచ్చాయి.

అయితే తెల్లోడు చేసిందల్లా గొప్ప అని నేనట్లేదు. పట్టి వదిలేయడం మీద మా మామకొక అభిప్రాయముంది. "తినేదానికి చంపితే పాపం సగం. ఆటకి పొడిచి ఇడిసిపెడితే పాపం నిండా" అంటాడు. నేనూ దాదాపు ఆయన పక్షమే. చేపకి నొప్పి తెలుసా లేదా అన్నది వేరే గొడవ, దాని జోలికి ఇప్పుడు పోను.

ఇంకో మాట. సరదాకి గాలం వేయడం ఇంగ్లీషు వాళ్ళ అలవాటు, మనకెందుకు అనేవాళ్ళుంటారు. వాళ్ళ పవిత్ర గ్రంథం లాంటి ఐజాక్ వాల్టన్ పుస్తకం వచ్చింది 1653లో. అంతకు ఐదు వందల ఏళ్ళ ముందే కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు రాయించిన మానసోల్లాసంలో మత్స్యవినోదం అని ఒక అధ్యాయమే ఉంది. ఏ చేప ఎక్కడుంటుంది, దేనికి ఏ మేత ముద్ద, గాలం ఎట్లా, అన్నీ. సుందర్‌లాల్ హోరా అనే మన చేపల శాస్త్రవేత్త 1951లో దాని మీద వ్యాసం రాశాడు. మా ఆదోని, బళ్ళారి ప్రాంతాలు ఆ చాళుక్యుల ఏలుబడిలో ఉన్నవే. (మా ఆలూరు 1953 దాకా బళ్ళారి జిల్లాలోదే. అందుకే మా మాటల్లో 'సుమ్నే' లాంటి కన్నడం దొర్లుతుంటుంది.) కాబట్టి ఇది రాజుల వినోదం, తర్వాత దొరల వినోదం, ఇప్పుడు మనలాంటి ఐటీ వాళ్ళ వినోదం. పిల్లోడి వినోదం మాత్రం ఎన్నడూ కాలేదు.

బెంగళూరులో ఉన్నవాళ్ళకి తెలిసే ఉంటుంది. శివార్లలో డబ్బులు తీసుకుని గాలం వేయనిచ్చే చెరువులున్నాయి. మా టీమ్ ఔటింగుకి ఒకసారి అలాంటి చోటికే పోయాం. మనిషికి ఎనిమిది వందలు, కర్ర వాళ్ళదే, మేత వాళ్ళదే, పట్టిన చేప కిలో లెక్కన మళ్ళీ డబ్బులిచ్చి కొనుక్కోవాలి. మా మేనేజరు ఒక రోహుని పట్టి, దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకున్న ఫోటో ప్రొఫైల్‌లో పెట్టుకున్నాడు. 'వర్క్ లైఫ్ బ్యాలెన్స్' అని కింద రాశాడు. అదే పని మా ఊళ్ళో ఆదివారం పొద్దున బడి లేని పిల్లోడు చేస్తే దొంగతనం.

ఇప్పుడు అవతలి పక్షం కూడా చెప్పాలి. కాపలా మనిషి మీద కోపంగా ఇంటికొచ్చేసరికి మా మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏం అల్లుడా, మొగం అట్లుంది?"

చెప్పాను.

"వానిదేం తప్పురా, జీతానికుండే మనిషి. వాడు ఇడిసిపెడితే సాయంత్రానికి వాని ఉద్యోగం పోతాది."

మన రాష్ట్రంలో చెరువుల్లో చేపల హక్కు ఊరికే ఎవరికీ ఉండదు. పంచాయతీ చెరువైతే పంచాయతీ వేలం వేస్తుంది. మత్స్యశాఖ కింద ఉన్న చెరువులైతే మత్స్యకార సహకార సంఘాలకి లీజుకిస్తారు. ఉద్దేశం మంచిదే. తరాలుగా నీళ్ళ మీద బతికిన బెస్తవాళ్ళకి ఆ నీళ్ళ మీద మొదటి హక్కు ఉండాలి. కానీ చాలా చోట్ల జరిగేదేంటో ఊళ్ళల్లో ఎవర్నడిగినా చెప్తారు. పేరు సంఘానిది, పెట్టుబడి ఇంకొకరిది. పిల్లచేపలు కొనాలన్నా, కాపలా పెట్టాలన్నా దుడ్లు కావాలి. ఆ దుడ్లు సంఘం దగ్గరుండవు. పెట్టినోడు చెరువు తనదే అనుకుంటాడు. వల లాగే రోజు సంఘం సభ్యులు కూలికొస్తారు.

ఆ పెట్టినోడి బాధ కూడా చిన్నదేం కాదు. మా చెరువులో ఇరవై వేల పిల్లల్ని వదిలారని మామ చెప్పాడు. కోస్తాలో అయితే నీళ్ళకి హామీ ఉంటుంది. మా దగ్గర అది వానతో జూదం. వాన ముఖం చాటేస్తే చేప పావుకిలోకి రాకముందే చెరువు అడుగంటుతుంది, అప్పుడు వచ్చిన కాడికి పట్టి అమ్ముకోవాల్సిందే. శివరాత్రి నుంచి ఉగాది దాకా వాళ్ళకి ఊపిరి బిగబట్టుకునే కాలం. ఎండెంత, నీళ్ళెన్ని, ఎన్ని రోజులు ఆగొచ్చు అని రోజూ లెక్క. ఆ సమయంలో ఎవడైనా గట్టు మీద గాలంతో కనపడితే మండుతుంది. నాకు అర్థమవుతుంది. రాత్రిపూట వలేసి దోచుకుపోయేవాళ్ళు, మందు కలిపేవాళ్ళు, తూటాలు పేల్చేవాళ్ళు నిజంగానే ఉన్నారు. నీళ్ళలో తూటా పేల్చడం, విషం కలపడం 1897 నాటి చేపల చట్టం కిందనే నేరం. వాళ్ళ మీద కాపలా పెట్టండి, ఎవరొద్దన్నారు.

కానీ గాలం వల్ల ఎంత పోతుంది? కూర్చుని లెక్కేశాను (మనకి వచ్చిన విద్య అదొక్కటే కదా). పది మంది పిల్లలు, ఆదివారానికి ఒక్కొక్కరు పావుకిలో, శివరాత్రి నుంచి ఉగాది దాకా ఐదారు ఆదివారాలు. పదిహేను కిలోలు. నేను కావాలని ఎక్కువేశాను, ఆ వయసులో పావుకిలో పట్టినోడు హీరో. వల లాగే రోజు గట్టు మీద ఊరి పెద్దలకి మర్యాదగా పంచేదే అంతకంటే ఎక్కువుంటుంది.

అందులోనూ వాళ్ళ గాలానికి పడేవేవి? ఎక్కువగా పరిగెలు, జిలేబీలు. జిలేబీ అంటే తిలాపియా. 1952లో మన దేశానికి తెచ్చారు. తల్లి చేప గుడ్లని, పిల్లల్ని నోట్లో పెట్టుకుని కాపాడుతుంది కాబట్టి ఒకసారి చెరువులో చేరిందంటే ఇక పోదు, పిల్లల మీద పిల్లలు. బొచ్చె, శీలావతి తినాల్సిన మేత తినేసి, తాను మాత్రం అరచేయి దాటి పెరగదు. కాంట్రాక్టర్లే దాన్ని కలుపు చేప అంటారు. మరి ఆ కలుపుని ఉచితంగా, ఆదివారం పూట, సొంత ఎర్రలతో వచ్చి తీస్తుంటే తరిమేస్తారేంటి? సార్ అని పిలిపించుకున్న నేను పట్టింది మాత్రం వాళ్ళు డబ్బులు పెట్టి వేసిన బంగారుతీగ. అరకిలో. అసలు దొంగ ఎవరో చూశారుగా.

గాలం వాళ్ళ వల్ల లాభమేంటి అంటారా? కావేరి సంగతి చెప్తాను. కర్ణాటకలో గాలిబోర్ లాంటి క్యాంపుల్లో ఏళ్ళ తరబడి మహసీర్ చేపల్ని గాలానికి పట్టి వదిలేవారు. 2010 తర్వాత అభయారణ్యం చట్టం పేరుతో అది ఆగిపోయింది. ఆగాలా వద్దా అన్నదాని మీద వాదనలున్నాయి, అది పక్కన పెడదాం. కానీ ఆ క్యాంపుల్లో ఎవరు ఎప్పుడు ఏ చేప ఎంత బరువుది పట్టారో పుస్తకంలో రాసి పెట్టారు. 1998 నుంచి 2012 దాకా ఉన్న ఆ లెక్కలు చూస్తేనే శాస్త్రవేత్తలకి తెలిసింది, కావేరిలో పుట్టి పెరిగిన గూని మహసీర్ కళ్ళ ముందే మాయమైపోతోందని, దాని చోటులోకి బయటి నుంచి తెచ్చి వదిలిన నీలి రెక్కల మహసీర్ వచ్చేసిందని. అంత పెద్ద చేపకి సరైన శాస్త్రీయ నామం తేలింది 2018లో. అప్పటికే అది అంతరించిపోయే అంచున ఉంది. నీళ్ళ పక్కన గంటలు గంటలు కూర్చునేవాడికి నీళ్ళలో ఏం మారిందో ముందు తెలుస్తుంది. మా చెరువులో ఒకప్పుడు దొరికిన మార్పు చేప, ఇంగిలాయి ఇప్పుడెందుకు పడటం లేదని తాతని అడగాల్సింది. ఆయన లేడు. ఇప్పుడా ప్రశ్న అడగగలిగింది ఆ ఇద్దరు పిల్లలే, వాళ్ళ కర్ర విరిచేశాం.

పిల్లల్ని నీళ్ళ దగ్గరికి రానీయకపోవడమే మంచిదనే మాట కూడా ఉంది. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. మా బడిలో నాకంటే ఒక క్లాసు చిన్నోడు తుంగభద్ర దిగువ కాలువలో పోయాడు. ఎండాకాలం సెలవలు కూడా కాదు, ఇదే ఫాల్గుణం. ఆ తర్వాత రెండేళ్ళు మా అమ్మ నన్ను నీళ్ళ దరిదాపులకి పోనివ్వలేదు. చెరువుకి పోయినా తాతా నేనూ అమ్మకి తెలీకుండా పోయేవాళ్ళం. ఆ పిల్లోడు కాలువకి ఎందుకు పోయాడో మాకందరికీ తెలుసు. ఆ ఏడు చెరువు కట్ట మీద కాపలా పెట్టారు. కాలువకి కాపలా లేదు.

కాలువ గురించి తెలిసినవాళ్ళు ఒప్పుకుంటారు. చెరువు అంచు వాలుగా దిగుతుంది, మోకాలు, నడుము, ఛాతీ అని నీళ్ళు హెచ్చరిస్తూ వస్తాయి. కాలువ గట్టు ఏటవాలు. నాచు పట్టిన చోట ఈత వచ్చినోడికి కూడా పట్టు దొరకదు. పైగా కింద గుంజే ఒరవడి. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మా వైపు జనం నీళ్ళు పోతాయని ఏడ్చారు, అది న్యాయమే. ఆ నీళ్ళు వచ్చే కాలువలో పోయిన పిల్లల లెక్క మాత్రం ఎవరి దగ్గరా లేదు. చెరువు నుంచి తరిమిన పిల్లోడు ఇంటికి పోయి పుస్తకం తీస్తాడనుకుంటే మనం పిల్లలుగా ఉన్నది మర్చిపోయినట్టే. వాడు కాలువకి పోతాడు, లేదంటే రాళ్ళు కొట్టిన క్వారీ గుంతకి పోతాడు.

నేను అడిగేది చెరువు రాసివ్వమని కాదు. వేలం షరతుల కాగితంలో ఒక్క లైను. శివరాత్రి నుంచి ఉగాది దాకా ఆదివారాలు పొద్దున, కట్ట మీద కాపలా మనిషి కళ్ళ ముందు, ఒక మనిషికి ఒక గాలం. వల కుదరదు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకి ఉచితం, పెద్దవాళ్ళెవరైనా తోడుండాలి. నాలాంటి బూటు బాబులకి వంద రూపాయల టికెట్టు, ఆ డబ్బు కాంట్రాక్టరుకి కాదు, సంఘానికి. ఊరి నుంచి బెంగళూరు, హైదరాబాదు పోయినవాళ్ళు పండక్కొస్తే పదిమందైనా వస్తారు. ఔటింగులో ఎనిమిది వందలిచ్చినవాళ్ళం, సొంత ఊళ్ళో వందివ్వలేమా? కాపలా మనిషికి తరమడం బదులు టికెట్టు చింపే పని. ఆయనా సంతోషిస్తాడు, రోజంతా బూతులు తిట్టడం కూడా కష్టమైన ఉద్యోగమే.

మా మామ ఇదంతా విని చాలాసేపు బీడీ కాల్చాడు.

"సంఘానికి టికెట్టు దుడ్లు వస్తే కాంట్రాక్టరు వేలంలో తగ్గించి పాడతాడు. పంచాయతీకి నష్టమని సర్పంచు అంటాడు."

"పదిహేను కిలోల చేపకి ఎంత తగ్గిస్తాడు మామా?"

"చేపకి కాదురా. అడిగినందుకి తగ్గిస్తాడు."

దీనికి నా దగ్గర జవాబు లేదు. రెండు వారాలుగా ఆలోచిస్తున్నా, ఇప్పటికీ లేదు. స్పెసిఫికేషన్‌లో లేని రిక్వైర్‌మెంటు ఎవరైనా అడిగితే మనమూ ఇదే చేస్తాం కదా, పని ఎంతున్నా ఎస్టిమేటు పెంచేస్తాం.

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటుంది. మంచి చెరువుకి ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కించారు. కట్ట నుంచి నీళ్ళు కారడం ఒక దోషం, చవిటి నేల ఒక దోషం, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం ఒక దోషం. ఆ మూడోది మా ఆలూరు వైపు చెరువులకి ఎటూ తప్పదు :) గాలం వేసే పిల్లలు మాత్రం ఆ ఆరింటిలో లేరు, నేను చూశాను. మామకి ఈ సంగతి చెబితే "ఆ రాయి తెచ్చి పంచాయతీ ఆఫీసులో పెట్టురా, చూద్దాం" అన్నాడు.

సాయంత్రం బస్సుకి ముందు మళ్ళీ కట్ట మీదికి పోయాను. పిల్లలు లేరు. విరిగిన వెదురు ముక్కలు రెండూ లేవు, ఎవరో తీసుకుపోయారు. దారం విలువైనది కదా. కాపలా మనిషి తుమ్మచెట్టు కింద కూర్చుని అన్నం తింటున్నాడు. నన్ను చూసి పలకరించాడు, కర్ర ఎంత పెట్టి కొన్నారు సార్ అని. నిజం చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. "నా జీతం తొమ్మిది వేలు" అన్నాడు. తర్వాత తనకి కూడా చిన్నప్పుడు గాలం అలవాటుందని, జెల్లకి ఎర్రల కంటే కోడి పేగు బాగా పని చేస్తుందని చెప్పాడు. పొద్దున పిల్లలని ఎందుకు కొట్టినంత పని చేశావు అని అడగాలనుకున్నా. అడిగితే ఏం చెప్తాడో మామ ముందే చెప్పేశాడు కాబట్టి ఊరుకున్నాను.

మొన్న మామకి ఫోన్ చేశాను. వేలం వానాకాలం ముందు, జూన్‌లో ఉంటుందట. "నువ్వే వచ్చి అడుగు అల్లుడా. ఊర్లో ఉండేటోనికి అడిగే ధైర్యం ల్యా, ధైర్యముండేటోనికి లీవు ల్యా" అన్నాడు. నిన్న రెండు రోజుల లీవు అప్లై చేశాను. తారీఖు ఇంకా తేలలేదు కాబట్టి రెండు వేర్వేరు వారాల్లో పెట్టాను. రీజన్ అని ఒక గడి ఉంటుంది కదా, అక్కడ 'చేపల వేలం' అని టైపు చేసి, చెరిపేసి, 'ఫ్యామిలీ ఫంక్షన్' అని రాశాను. ఇంకా అప్రూవ్ కాలేదు.